చిన్న మాటల పెద్ద సంసారం

ఇంగ్లీషులో పెద్ద పెద్ద మాటలే కష్టమని మనలో చాలామందికి గట్టి నమ్మకం. పేపర్లో 'అన్‌ప్రెసిడెంటెడ్' లాంటి మాట ఒకటి ఎదురైతే చాలు, 'మనకొచ్చిన ఇంగ్లీషు ఇంతేలే' అనుకుని పేపరు మడిచి పక్కన పడేస్తాం. నిజం చెప్పొద్దూ, ఆ మాట పాపం ఏమీ ఎరగనిది. దానికున్నది ఒకే ఒక్క అర్థం. ఒకసారి డిక్షనరీ తిరగేస్తే మళ్ళీ జన్మలో తిరగెయ్యనక్కర్లేదు. మనిషిని ముప్పుతిప్పలు పెట్టేవి చిన్నవి. గెట్, సెట్, రన్, టేక్, పుట్! ఒకటో క్లాసు పిల్లాడికి కూడా వచ్చినట్టే వుంటాయి, ఎం.ఏ. చదివినవాళ్ళకి కూడా పూర్తిగా వచ్చి చావవు.

'రన్' సంగతే చూడండి. పరుగెత్తు అని చదువుకున్నాం. పరుగెత్తడానికి కాళ్ళుండాలి కదా! ఇంగ్లీషువాడి ఇంట్లో కాళ్ళు లేనివన్నీ పరుగెడతాయి. జలుబు చేస్తే ముక్కు రన్. కట్టడం మరిచిపోతే కుళాయి రన్. చవగ్గా వచ్చిందని కొన్న చీర మొదటి ఉతుకులోనే రంగు దిగితే, ఆ రంగు రన్. సినిమా వందరోజులు రన్, కొట్టు రన్, బస్సు రన్, చక్కెర జబ్బు వంశంలో రన్. ఇల్లాలు ఇల్లు రన్ చేస్తుంది. ఇది మాత్రం అచ్చంగా పరుగేనని మీరంటే నేను కాదనను. అమెరికాలో అభ్యర్థి ఎన్నికలకి 'రన్' అవుతాడు; అదే అభ్యర్థి ఇంగ్లండులో అయితే 'స్టాండ్' అవుతాడు. అక్కడ పరుగు, ఇక్కడ నిలబడడం. మన తెలుగులోనూ నిలబడడమే.

డబ్బాలో పంచదార అయిపోతే 'రన్ అవుట్'. మనం అలా అనం. 'పంచదార నిండుకుంది' అంటాం. డబ్బా ఖాళీ అయితే నిండుకోవడమేమిటని ఏ విదేశీయుడైనా తెల్లబోవలసిందే. మనకి మాత్రం చిన్నప్పటినుంచీ తెలుసు, ఇంట్లో 'లేదు' అనకూడదని. దీపం ఆరదు, కొండెక్కుతుంది. గడప దాటేటప్పుడు 'వెళ్తాను' అనం, 'వెళ్ళొస్తాను' అంటాం. కాబట్టి ఇంగ్లీషులో 'డస్ట్' అంటే బల్లమీది దుమ్ము దులపడమూ, అప్పచ్చి మీద పంచదార పొడి చల్లడమూ రెండూనని వింటే మనం మరీ అంత ఆశ్చర్యపోనక్కర్లేదు. 'ఫాస్ట్' అంటే వేగమూ, కదలకుండా గట్టిగా వుండడమూ, ఉపవాసమూ కూడా. డాక్టరు రిపోర్టు చూసి 'పాజిటివ్' అంటే సంతోషించాలో కంగారుపడాలో ఆ సందర్భాన్ని బట్టి వుంటుందని, 2020 తర్వాత మనకి ఎవరూ వేరే చెప్పక్కర్లేదు.

ఈ అర్థాలన్నీ లెక్కబెట్టినవాళ్ళున్నారు. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీష్ డిక్షనరీ మొదటి భాగం 1884లో అచ్చయింది, ఆఖరిది 1928లో. 1989లో 20 సంపుటాలుగా రెండో కూర్పు వచ్చినప్పుడు, అందులో అన్నిటికంటే ఎక్కువ చోటు ఆక్రమించినది 'సెట్' అనే మూడక్షరాల ముక్క. ఆ తర్వాత నిఘంటువును మళ్ళీ సవరిస్తూ వస్తుంటే ఆ కిరీటం 'రన్'కి పోయింది. క్రియగా దానికొక్కదానికే 645 అర్థాలు తేలాయని 2011లో ప్రకటించారు. పీటర్ గిలివర్ అనే సంపాదకుడు ఆ ఒక్క మాట మీద తొమ్మిది నెలలు కూర్చున్నాడట. తొమ్మిది నెలలు మోయడమంటే ఏమిటో మన పాఠకురాళ్ళకి నేను విడమరచి చెప్పాలా?

చిన్న మాటలకే ఇంత సంతానం ఎందుకంటే, వాటికే పని ఎక్కువ కాబట్టి. ఏ మాట ఎక్కువసార్లు నోట్లో నానుతుందో దానికే అర్థాలూ ఎక్కువ వుంటాయని జిప్ఫ్ అనే అమెరికన్ పండితుడు 1945లో లెక్కలు కట్టి చూపించాడు. ఉమ్మడి కుటుంబంలో పని చేసే కోడలికే ఇంకా పని చెబుతారు, అంతే తేడా! ఇంకో కారణం కూడా వుంది. 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలుచుకున్నాక ఫ్రెంచి మాటలు వచ్చి దర్బారులో కూర్చున్నాయి, వెనక లాటిను మాటలూ వచ్చాయి. పాత ఇంటి మాటలు వంటింట్లో, పొలంలో వుండిపోయాయి. అందుకే వాళ్ళకి ఒక్కో పనికి రెండేసి మాటలు. వాయిదా వెయ్యడానికి దర్బారు మాట 'పోస్ట్‌పోన్', ఇంటిమాట 'పుట్ ఆఫ్'. భరించడానికి దర్బారు మాట 'టాలరేట్', ఇంటిమాట 'పుట్ అప్ విత్'. మన 'సహించు', 'ఓర్చుకో' లాగన్నమాట. మనం స్కూల్లో దర్బారు మాటలు వల్లెవేసి పాసవుతాం. ఇంగ్లీషువాళ్ళు మాత్రం ఇంట్లో ఇంటిమాటలే మాట్లాడుకుంటారు. తీరా ఏ కూతురి దగ్గరికో లండను వెళితే, పక్కింటావిడ మాట్లాడే రెండక్షరాల, మూడక్షరాల మాటలు ఒక్కటీ కొరుకుడు పడవు!

ఇక్కడే నాకు ఒక పెద్దమనిషి మీద ఫిర్యాదు వుంది. ఆయన పేరు సి. కె. ఆగ్డెన్. కేంబ్రిడ్జిలో చదువుకున్న గొప్ప మేధావి. అర్థమంటే ఏమిటన్న దాని మీద ఐ. ఎ. రిచర్డ్స్‌తో కలిసి 1923లో పుస్తకమే రాశాడు. ఆయన 1930లో 'బేసిక్ ఇంగ్లీష్' అని ఒక పథకం తయారుచేశాడు. ప్రపంచంలో ఎవరైనా సరే 850 మాటలు నేర్చుకుంటే చాలు, ఇంగ్లీషులో ఏదైనా చెప్పెయ్యవచ్చునన్నాడు. అందులో క్రియలు 18 మాత్రమే. 1943లో చర్చిల్ అంతటివాడు దాన్ని భుజాన వేసుకున్నాడు. జాబితా అంతా ఒక్క కాగితం మీద పట్టేస్తుంది. పచారీ సామాను చీటీ అంత ముచ్చటగా వుంటుంది.

ఆ చీటీ విప్పి చూడండి. బియ్యం వుంది, ఉప్పు వుంది, పాలు, వెన్న, నూనె వున్నాయి. కెటిల్ వుంది, కత్తి వుంది. వంటిల్లు అనే మాట లేదు! అమ్మ, నాన్న, అక్క, అన్న వున్నారు. భార్య లేదు, భర్త లేడు. 'పెళ్ళయిన ఆడమనిషి', 'పెళ్ళయిన మగమనిషి' అని సర్దుకోవాలి. 'తిను' అనే క్రియ లేదు, 'భోజనం కలిగివుండు' అనాలి. చర్చిల్ 1940లో దేశానికి తాను ఇవ్వగలిగింది నెత్తురూ, శ్రమా, కన్నీళ్ళూ, చెమటా మాత్రమేనని చెప్పిన సంగతి లోకప్రసిద్ధం. బేసిక్‌లో అయితే కన్నీళ్ళు 'కంటి నీళ్ళు', చెమట 'ముఖం నీళ్ళు' అయ్యుండేవని రూజ్వెల్టు 1944లో ఉత్తరం రాసి ఆయన్ని ఆటపట్టించాడు.

అయినా లేని మాటల గురించి నాకు పెద్ద బాధ లేదు. నా ఫిర్యాదు వున్న మాటల గురించి. 'భరించు' అనడానికి వేరే క్రియ ఎందుకు, 'పుట్' వుంది, 'అప్' వుంది, 'విత్' వుంది, మూడూ కలిపితే సరిపోతుంది కదా అని ఆగ్డెన్ లెక్క. పెట్టు, పైకి, తో! ఈ మూడింటినీ విడివిడిగా నేర్చుకున్న మనిషి, వీటిని కలిపితే ఓర్చుకోవడం అవుతుందని ఎలా ఊహిస్తుంది? పైగా మధ్యదాకా ఆగితే అర్థం వేరు. 'పుట్ అప్' అంటే వచ్చిన చుట్టానికి ఇంట్లో చోటిచ్చి ఆదరించడం. 'విత్' చేర్చారా, ఆ చుట్టాన్ని భరించడం. మొదటి మూడు రోజులూ పుట్ అప్, నాలుగోరోజు నుంచీ పుట్ అప్ విత్. చుట్టం ఆయనే! 'పుట్ ఆన్' అంటే తొడుక్కోవడం, దీపం వెయ్యడం, ఒళ్ళు చెయ్యడం, లేని దర్పం నటించడం. 'పుట్ అవుట్' అంటే ఆర్పడమూ, మనసు నొచ్చుకోవడమూ. 'పుట్ బై' అంటే పోపులడబ్బాలో నాలుగు రూపాయలు దాచుకోవడం. ఆగ్డెన్ లెక్కలో ఇవన్నీ కలిపి ఉచితం. నేర్చుకునేవాళ్ళ లెక్కలో ఒక్కొక్కటీ ఒక్కో కొత్త మాట. సంచీ చిన్నదైనంత మాత్రాన బరువు తగ్గుతుందా?

మన బజార్లో అమ్మే 'ముప్పై రోజుల్లో' పుస్తకాలూ, పిల్లల స్కూలు గైడ్లూ చేసే పని ఇంతకంటే అన్యాయం. ఆగ్డెన్ కనీసం ఆలోచించి చేశాడు. వీటిలో ఎడమవైపు 'పుట్', కుడివైపు 'పెట్టు' అని వుంటుంది, అంతే, కింద గీత. మా వీధిలో ఆరో క్లాసు పిల్ల ఒకతె, పాఠంలో ఆట వాయిదా పడిందన్న వాక్యం చూసి, ఆటని ఎక్కడ పెట్టారని వాళ్ళమ్మని అడిగింది. ఆవిడ తెలుగు మీడియం. 'నాకేం తెలుసే, మీ నాన్నగారు వచ్చాక అడుగు' అంది. ఆ రోజునుంచి ఆ పిల్ల ఇంగ్లీషు పుస్తకం పట్టుకుని వాళ్ళమ్మ దగ్గర కూర్చోలేదు. ఈ సంగతి ఆవిడే నాతో చెప్పింది, నవ్వుతూనే చెప్పింది గాని ఆ నవ్వు నాకు బాగుండలేదు.

ఎందుకంటే ఆవిడకి తెలుసు. ఇంగ్లీషు తెలియకపోవచ్చు, సంగతి తెలుసు. మనలో ఎవరికి తెలియదు? పొద్దున్న లేచి ముగ్గు పెడతాం, బొట్టు పెట్టుకుంటాం, దేవుడికి దణ్ణం పెడతాం. పొయ్యిమీద ఎసరు పెడతాం. పిల్లలకి అన్నం పెడతాం, మంకు చేస్తే చివాట్లు పెడతాం, మళ్ళీ మనమే ముద్దు పెట్టుకుంటాం. వేసవిలో ఆవకాయ పెడతాం. పిల్లకి పేరు పెడతాం, పెళ్ళికి ముహూర్తం పెడతాం, తోడికోడలి వంటకి వంక పెడతాం, గాజులు తాకట్టు పెడతాం, ఖర్చు పెడతాం, కన్నీళ్ళు పెట్టుకుంటాం. ఈ 'పెట్టు'లన్నిటిలో ఏదైనా నిజంగా ఒక వస్తువుని ఒకచోట పెట్టడమేనా? దీనికి మనకి ఎవరైనా పట్టిక ఇచ్చి బట్టీ పట్టించారా? అన్నం పక్కన పెట్టు అన్నంతో పాటు వచ్చింది, దణ్ణం పక్కన పెట్టు దణ్ణంతో పాటు వచ్చింది. జంటలు జంటలుగా వచ్చాయి. ఇంగ్లీషు 'పుట్' కూడా సరిగ్గా ఇలాంటి సంసారే. ఆ తల్లి 'నాకేం తెలుసే' అనకుండా 'మనం ముహూర్తం పెడతాం చూడు, అది ఎక్కడ పెడతాం?' అని అడిగివుంటే, ఆ పిల్లకి గైడు చెప్పలేని పాఠం వచ్చేసేది.

ఆగ్డెన్‌తో పాటు అదే కాలంలో ఇంకొకాయన వున్నాడు. ఈయనకి అంత పేరు రాలేదు. మైకేల్ వెస్ట్. అప్పట్లో మన దేశంలోనే వున్న ఢాకాలో, ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో పనిచేశాడు. బెంగాలు పిల్లల ఇంగ్లీషు చదువు గురించి 1926లో ఒక గ్రంథం రాశాడు. పిల్లల్లో చాలామంది మధ్యలోనే చదువు మానేస్తున్నారు; పదేళ్ళు చదివితేగాని అక్కరకి రాని చదువు వాళ్ళకి ఎందుకని అడిగాడు. ఇన్సూరెన్సు పాలసీ మధ్యలో ఆపేస్తే ఎంతో కొంత చేతికొస్తుంది చూడండి, సరెండర్ వాల్యూ అంటారు, అలాంటిది చదువుకీ వుండాలన్నాడు. (సరెండరంటే సైనికుడు లొంగిపోవడమని చదువుకున్న మనకి ఏజెంటు నోట ఆ మాట వినబడితే మొదట కంగారే!) నాకు ఆ మాట చదివినప్పుడు పెళ్ళి కుదిరి ఎనిమిదిలోనో పదిలోనో చదువు ఆగిపోయిన మన తరం ఆడపిల్లలు గుర్తొచ్చారు. వాళ్ళ పాలసీకి చేతికొచ్చింది ఏమిటి? ఎడమవైపు ఒక మాట, కుడివైపు ఒక మాట వున్న ఆ పట్టిక. అది ఏ బ్యాంకులో చెల్లింది?

బేసిక్ ఇంగ్లీషు మీద 1930లలోనే ధ్వజమెత్తినవాళ్ళలో వెస్ట్ ఒకడు. తర్వాత 1953లో ఆయన ఓ జాబితా పుస్తకం తెచ్చాడు. సుమారు 2000 మాటలు. ఆగ్డెన్ కంటే రెండింతలకు మించి వున్నాయి గనక చూడగానే బెదురు పుడుతుంది. అయితే తెరిచి చూస్తే ఒక్కో మాట కింద దాని అర్థాలు విడివిడిగా వుంటాయి. ఏ అర్థం నూటికి ఎన్నిపాళ్ళు వాడుకలో వుందో అంకె వేసి వుంటుంది. ఏది ముందు నేర్చుకోవాలో, ఏది తర్వాతైనా ఫరవాలేదో ఆ అంకె చెబుతుంది. జపానులో పాఠాలు చెప్పిన హార్న్‌బీ నిఘంటువు కూడా ఇలాంటి మర్యాద తెలిసినదే. మొదట 1942లో టోక్యోలో అచ్చయి, 1948లో ఆక్స్‌ఫర్డ్ వారి చేతికి వచ్చింది. మాటని ఒంటరిగా వదలకుండా వాక్యంలో కూర్చోబెట్టి చూపిస్తుంది. ఇంట్లో ఒక్క ఇంగ్లీషు పుస్తకమే కొనగలిగితే గైడు మానేసి దీన్ని కొనండంటాను. ఇప్పుడు వస్తున్న కూర్పులు మరీ లావుగా వుంటాయి, అటక మీద పెట్టకుండా చేతికందేచోట వుంచుకోవాలి.

వెస్ట్ పుస్తకానికీ వంక పెట్టవచ్చు. అది ఉపాధ్యాయుల కోసం రాసింది, ఇల్లాలి కోసం కాదు. చదువుతుంటే రైల్వే టైంటేబులు చదువుతున్నట్టుంటుంది. కాలం కూడా మారింది. ఫోనులో యాప్ 'రన్' అవుతుందని 1953లో ఆయన కలగనలేదు. అయినా ఆ నూటికి ఇన్నిపాళ్ళ పద్ధతి నాకు ఎంత నచ్చిందంటే, ఎవరైనా ఓపికున్నవాళ్ళు మన 'పెట్టు'కి అలాంటి లెక్క కడితే బాగుండుననిపిస్తుంది. ముద్దుకి ఎన్నిపాళ్ళు వస్తాయో, చివాట్లకి ఎన్నిపాళ్ళు వస్తాయో చూడాలని మహా కుతూహలంగా వుంది.