తక్కువ తిరిగిన ఇంజిన్

పుదుచ్చేరి బీచ్ రోడ్డుకి కాస్త ఇవతల ఒక గోదాములో పాత రోటాక్స్ 503 అమ్మకానికుందని ఈ వారం కబురొచ్చింది. తేలికపాటి విమానాలకి బిగించే రెండు సిలిండర్ల టూ-స్ట్రోక్ ఇంజిన్ అది, దాదాపు 50 హార్స్‌పవర్. "పట్టుమని పాతిక గంటలు కూడా తిరగలేదండీ, కొత్తదానికిందే లెక్క" అన్నాడు అమ్మే పెద్దమనిషి. పాత యంత్రాలను ఎప్పుడూ వెనకేసుకొచ్చే ఈ కాలమిస్టు ఆ మాటకి మురిసిపోవాలి. కానీ చిరాకుపడ్డాడు.

ఎన్నేళ్లు ఊరికే పడుందో పెద్దమనిషి చెప్పలేదు మరి.

టూ-స్ట్రోక్ క్రాంక్‌కేసులో నూనె నిలవుండదు. 50 పాళ్ల పెట్రోలుకి ఒక పాలు కలిపిన నూనే క్రాంక్‌షాఫ్ట్ బేరింగులని తడుపుతూ పోతుంది. ఇంజిన్ ఆపిన రోజు నుంచీ వాటికి కొత్త చుక్క అందదు. ఇక ఈ ఊరి ఉప్పుగాలి తన పని తాను చేసుకుపోతుంది: బేరింగులకి తుప్పు మచ్చలు లేస్తాయి, రబ్బరు సీల్స్ గట్టిపడతాయి. రోటాక్స్ కంపెనీ ఓవర్‌హాల్ గడువు 300 గంటలు లేదా 5 ఏళ్లు, ఏది ముందైతే అది అని పెట్టింది ఇందుకే.

మా పెదనాన్నగారి ఆర్‌ఎక్స్ 100 బండి సంగతే చూడండి. 1985లో మార్కెట్లోకి వచ్చి 1996లో తయారీ ఆగిపోయిన ఆ టూ-స్ట్రోక్ యమహాకి ముత్యాలపేట ఇంట్లో దుప్పటి కప్పి ఆయన కువైట్ వెళ్లిపోయారు. తిరిగొచ్చాక మెకానిక్ చేత ప్లగ్గు మార్పించి కొడితే రెండో కిక్కుకే అందుకుంది. వీధంతా పొగ, పిల్లల కేకలు. "చూశావురా, జపాన్ సరుకు!" అని పెదనాన్న ఒకటే సంబరం. కాలాపేట దాటారో లేదో వెనక చక్రం బిగుసుకుపోయింది. క్లచ్ నొక్కి బండిని పక్కకి లాగి, చింతచెట్టు కింద కూర్చుని మెకానిక్‌ని తిట్టుకున్నారు. విప్పి చూస్తే మాగ్నెటో వైపు సీల్ అప్పడంలా చిట్లి ఉంది. టూ-స్ట్రోక్‌లో పెట్రోలు, గాలి ముందు క్రాంక్‌కేసులోకే వస్తాయి. అక్కడ సీల్ వదిలితే గాలి ఎక్కువై, పెట్రోలు పాలు తగ్గి, వేడెక్కి పిస్టన్ పట్టేస్తుంది.

వెయ్యి అడుగుల ఎత్తున చింతచెట్టు దొరకదు. టూ-స్ట్రోక్ ఉన్నట్టుండి ఆగిపోవచ్చని రోటాక్స్ మాన్యువలే హెచ్చరిస్తుంది. అలాగని ఆ జాతినంతా తిట్టడం అన్యాయం. బెంగళూరు రాజ్‌హంస కంపెనీ వాళ్ల ఎక్స్-ఎయిర్ తేలికపాటి విమానాలు ఇలాంటి ఇంజిన్లతోనే దేశదేశాల్లో ఎగిరాయి.

మరి ఆ గోదాము ఇంజిన్ వద్దనేనా? కొనొచ్చు. 503 తయారీ ఆగిపోయింది. అరగని సిలిండర్లు, పగలని కేసు ఉన్నది ఊరికే దొరకదు. కాకపోతే ధర కట్టేటప్పుడు దాన్ని విడిభాగాల మూటగానే చూడాలి. క్రాంక్‌షాఫ్ట్ బాగుచేయించడానికి, సీల్స్‌కి, గాస్కెట్లకి, కార్బురేటర్ రబ్బర్లకి అయ్యే ఖర్చంతా ముందే తీసేయాలి. సైలెన్సర్ ఊడదీసి రంధ్రంలోంచి పిస్టన్ మీద గీతలున్నాయేమో చూడండి. క్రాంక్‌కేసుని మూసి పంపుతో కొద్దిగా గాలి కొట్టి, ఒత్తిడి నిలుస్తుందో లేదో చూడండి. ఇవేవీ చేయనివ్వకుండా "స్టార్టయింది కదండీ" అనేవాడి దగ్గర మాత్రం అడ్వాన్సు ఇవ్వకండి.