పట్టాకెక్కని పేరు

ఓ నల్లరేగడి నేలా, నీ చాళ్ల మడతల్లో ఎన్ని పాదాలు పగిలి నెత్తురోడాయో! సత్యనారాయణపేట మిద్దెల మీంచి చూస్తే బళ్లారి కోట కొండ కనిపిస్తుంది. కొండకు పేరుంది. కోటను ఏలిన హండె నాయకులకు పేరుంది, దాన్ని గెలిచిన హైదర్ అలీకి పేరుంది. వేగుచుక్కతో లేచి మడక భుజానికెత్తుకుని, పొద్దు మునిగాక దొడ్డి మూల ఎండుగడ్డిలో ఒరిగిన జీతగాడికి మాత్రం పేరు లేదు.

1800లో నిజాం ఈ సీమను కుంపెనీకి ధారపోశాడు. మన్రో దొర ఊరూరా పొలాలు కొలిపించి రైతువారీ నాటాడు. పట్టాలోకి రైతు పేరు చేరింది, శిస్తు చేరింది. ఆ మట్టిని తిరగేసిన చేయి చేరలేదు. తాత తెచ్చిన అప్పు తండ్రి మెడకు, తండ్రి మెడ నుంచి కొడుకు మెడకు పలుపులా జారుతూ వచ్చింది.

సముద్రాల అవతల యూరప్‌లోనూ భూదాసులు ఇలాగే మట్టికి కట్టుబడి ఏడ్చారు. 1347లో అక్కడికి ప్లేగు వచ్చింది. ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయి, కోసేవాడు లేక పంట నిలిచిపోతే, మిగిలిన చేతికి విలువ పెరిగింది. ఇంగ్లండు ప్రభువులు 1351లో కూలిని పాత రేటుకే బిగించాలని చట్టం చేశారు. 1381లో పల్లెలు భగ్గుమన్నాయి. తిరుగుబాటు ఓడింది, సంకెల మాత్రం మెల్లగా తుప్పుపట్టి రాలిపోయింది.

మరి మా చావులకు ఆ వెల ఎందుకు రాలేదు?

ఇక్కడ చావు ధాత నామ సంవత్సరపు కరువై వచ్చింది. 1876లో ఆకాశం కన్ను తడి చేసుకోలేదు, 1878 దాకా ఆకలి వదల్లేదు. కరువు పనుల్లో మగకూలికి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలునని రిచర్డ్ టెంపుల్ దొర తేల్చాడు. అరకిలో కూడా కాదు! ఆ గింజల మీద రాళ్లు మోసిన ప్రాణాల్ని తలుచుకుంటే నాకు ముద్ద దిగదు. ప్లేగు మనిషిని ఎత్తుకుపోయి గింజను వదిలేసింది. కరువు ముందు గింజను, పిదప ఎద్దును, ఆపైన మనిషిని మింగింది. బతికినవాడు గంజి కోసం తన చేతినే తాకట్టు పెట్టాడు.

తుంగభద్ర దాటితే అప్పట్లో నిజాం రాజ్యం. అక్కడి తెలంగాణ పల్లెల్లో చాకలి, మంగలి, కుమ్మరి, మాదిగ ఎవరి చెమట వారు దొర గడీకి ఊరికే ధారపోయాలి. దొర బిడ్డ అత్తారింటికి వెళ్తే, సారె సామానుతో పాటు ఓ పేదింటి పసిది ఆడబాపగా వెళ్లాలి! ఆ తల్లి గడప దగ్గర మింగిన కేక ఏ దఫ్తరంలో ఉంది? 1946 జూలై 4న కడవెండిలో దొరకు ఎదురు తిరిగిన దొడ్డి కొమరయ్య ఒరిగాక ఆ కేకకు గొంతు వచ్చింది.

బళ్లారి జీతగాడి దాకా కాగితం ఆలస్యంగా వచ్చింది. 1974లో కర్ణాటకలో దేవరాజ అరసు సర్కారు కౌలుదారుకు పొలం ఇచ్చింది. జీతగాడు కౌలుదారుడు కాడు. 1976 చట్టం వెట్టిని, దానితో పాటు ఆ బాకీలనూ చెరిపేసింది. రష్యాలో 1861లో భూదాసుల్ని విడిచిన జారు, పొలం ఇచ్చి 49 ఏళ్ల వాయిదాల బాకీ రాశాడు. ఇక్కడ బాకీ కొట్టేసి, పొలం రాయలేదు. సెంటు నేల లేని విడుదలతో వాళ్లు ఎక్కడికి పోతారు? ఆ జీతగాళ్ల మనవలు ఇవాళ ఇటుక బట్టీ మేస్త్రీ చేతిలోని అడ్వాన్సుకు తల వంచుతుంటే, ఈ నేల పంట తిన్నవాళ్లమంతా చూస్తూ ఊరుకున్నామే అని నా కడుపు తరుక్కుపోతోంది.