పగ్గమును గుంచెయు: హెర్రింగు అశ్వచిత్రములు

అనంతగిరికొండల చెంత నున్న వికారాబాదు పట్టణము పాయగా ప్రభువైన వికార్ ఉల్ ఉమ్రా పేరఁ బరఁగినది. నిజాము రాజ్యమున సేనాపోషణార్థ మొసఁగఁబడిన జాగీరులకుఁ బాయగా లని పేరు. ఆ పారసీక పదమునకు అశ్వశాల యనియు నర్థము గలదు. ఆ పేరు తలఁపునకు వచ్చినపు డొక ప్రశ్న పుట్టును. అశ్వశాలయందుఁ బనిచేసిన చేయి కుంచెను బట్టినచో, శాస్త్రముఁ జదివి వ్రాసిన చిత్రమునకు లేని గుణ మేమైన దానికి లభించునా?

ఇందుల కింగ్లండు చిత్రకారుఁడగు జాన్ ఫ్రెడరిక్ హెర్రింగు చరిత్రము తగిన యుదాహరణము. ఇతఁడు 1795లో జన్మించి, 1814లో డాంకాస్టరు చేరి, బండిపలకలకును బూటకూళ్లయిండ్ల ఫలకములకును బొమ్మలు వ్రాయుచు, పిమ్మటఁ బ్రయాణికుల గుఱ్ఱపుబండ్లు తోలి జీవించెను. క్రమముగాఁ బందెపుగుఱ్ఱముల చిత్రములచేఁ బ్రసిద్ధి గాంచి, 1845లో కెంటు డచ్చెసు కొలువునఁ జంతుచిత్రకారుఁ డయ్యెను, 1865లో మరణించెను. సెంట్ లెజరు పందెమున గెలిచిన గుఱ్ఱములను వరుసగా 33 ఏండ్లు చిత్రించెను.

నిలిచియున్న గుఱ్ఱమును వ్రాయునపు డీతని చేయి తడఁబడదు. చెవుల నిక్కు, మెడ యొఱపు, పిఱుఁదుల పుష్టి, మేని నిగనిగ, అన్నియు దినదినము చూచినవాని గుఱుతులు. భారతారణ్యపర్వమున ఋతుపర్ణుఁడు కృశించిన హయములఁ జూచి సంశయింపఁగా, బాహుకుఁడు వానియందె వేగమును గనుఁగొనెను. పగ్గముఁ బట్టినవాని చూపు అట్టిది.

పరువెత్తు గుఱ్ఱముల విషయ మట్లు గాదు. అందు ముందుకాళ్లు ముందునకు, వెనుకకాళ్లు వెనుకకుఁ జాఁచుకొని గుఱ్ఱము గాలిలోఁ దేలును. ఫ్రాన్సుదేశపు జెరికో 1821లో వ్రాసిన ఎప్సము పందెపు చిత్రమునందును ఇదియే రీతి. 1878లో కాలిఫోర్నియాయందలి పాలో ఆల్టోలో మైబ్రిడ్జి తీసిన వరుస ఛాయాచిత్రములు దీనిని అసత్యమని చూపినవి. దౌడునందు నాలుగు కాళ్లును నేల విడుచుట అవి చాఁచుకొన్నపుడు గాదు, పొట్టక్రిందికి ముడుచుకొన్నపుడు.

ఇన్నేండ్లు గుఱ్ఱములతో మెలఁగినవాఁ డిది యెఱుఁగఁడా యనవచ్చును. ఆ క్షణమును మానవనేత్రము పట్టఁజాలదు. పైఁగా బండి తోలువాఁడు గుఱ్ఱమును వెనుకనుండియే చూచును. తాను చూడఁజాలనిచోట నతఁడు పూర్వుల మార్గమునె యనుసరించెను. ఇది మన కవిసమయము వంటిది. చకోరము వెన్నెల ద్రావు ననుటను మనము దోషముగా నెంచము. వేగము స్ఫురించుచున్నది గావున హెర్రింగు రీతియు దోషము గాదు. కాని సమయమును అనుభవమును ఒక్కటియే యనుట విమర్శకునకుఁ దగదు. ఈతని నిలిచిన గుఱ్ఱము సాక్ష్యము, పరువెత్తు గుఱ్ఱము సంప్రదాయము.

ప్రబంధములందలి యశ్వవర్ణనలను బోధించునపు డీ వివేచన మనకును వలయును. ఏ పాదము లక్షణగ్రంథమునుండి వచ్చినది, ఏది కవి కన్నారఁ జూచినది యని విద్యార్థి యడిగినచో, వానిని గద్దింపక, గుఱ్ఱముఁ దోలువాని యొద్దకుఁ గొనిపోవుట మేలు.