సుద్దముక్క లెక్క

గుంటూరు ఆటోనగర్‌లో ఒక షెడ్డు. పాత జీపు పికప్‌కి వెనక చక్రం ఒకటి జాకీ మీద లేచి ఉంది, రెండోది నేల మీదే ఉంది. గేరు న్యూట్రల్‌లో ఉంది. మేస్త్రీ టైరు మీద సుద్దతో ఒక గీత గీసి, ప్రొపెల్లర్ షాఫ్ట్ మీద ఇంకో గీత గీశాడు. కుర్రాడు చక్రాన్ని నెమ్మదిగా తిప్పాడు. చక్రం రెండు చుట్లు పూర్తయ్యేసరికి షాఫ్ట్ ఐదు చుట్లు తిరిగి, పైన మూడో వంతు దాటింది.

“ఇరుసు నిష్పత్తి ఐదు ముప్పై ఎనిమిది” అన్నాడు మేస్త్రీ. హౌసింగ్ విప్పి పళ్ళు లెక్కపెట్టి ఉంటే క్రౌన్‌కి 43, పినియన్‌కి 8 కనిపించేవి. విప్పకుండానే చెప్పాడు. చక్రాన్ని ఒక్క చుట్టు కాక రెండు చుట్లు ఎందుకు తిప్పాలంటే, ఒక చక్రం ఆగి రెండోది తిరిగినప్పుడు డిఫరెన్షియల్ ఆ తిరుగుడులో సగమే క్రౌన్‌కి ఇస్తుంది. ఈ సంగతి తెలియకుండా ఒక్క చుట్టుతో సరిపెట్టుకుని తప్పు సామాను కొన్నవాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళలో నేనూ ఒకణ్ణి.

బండి ఓనరు పర్చూరు వైపు రైతు. పికప్ తండ్రి కాలం నాటిది. ఇంజను ఇంకా పాత హరికేన్ పెట్రోలే, 2,199 సీసీ. మహీంద్రా వాళ్ళు జీపుల్లో ఏళ్ళ తరబడి వాడింది ఇదే. దాని వెనక టీ-90 అనే మూడు గేర్ల పెట్టె. మొదటి గేరుకు సింక్రో లేదు. బండి కదులుతుండగా ఆ గేరు పడాలంటే క్లచ్ రెండుసార్లు తొక్కాలి, ఇంజను మోత చెవితో పట్టుకోవాలి.

“మా వాడు వెనక ఇరుసు మార్చి 4.27 వేయించమంటున్నాడు మేస్త్రీ. హైవే ఎక్కితే ఇంజను ఏడుస్తోంది” అన్నాడు రైతు.

“మీ వాడు హైవే మీద నడుపుతాడు బాబాయ్ గారూ. వానల్లో చేలోకి ఎవరు తీసుకెళ్తారు?”

రైతు నవ్వి ఊరుకున్నాడు. బేరం అక్కడే తెగిందని నాకనిపించింది.

ఈ జిల్లాల్లో బండికి రెండు జన్మలుంటాయి. జూలై, ఆగస్టుల్లో తడిసిన నల్లరేగడి టైరుకు బంకలా పట్టి కాడిని లాగినట్టు లాగుతుంది. ఫిబ్రవరి, మార్చిల్లో అదే బండి మిర్చి టిక్కీలు, అంటే బస్తాలు, వేసుకుని 16వ నంబరు జాతీయ రహదారి మీద లారీల మధ్య గుంటూరు యార్డుకు పరిగెత్తాలి. మొదటి పనికి చిన్న గేరు కావాలి, రెండోదానికి పెద్ద గేరు. పాత జీపు గేరు పెట్టెలో ఈ రెంటి మధ్యా ఉన్నవి మూడే మెట్లు.

ఇంజను ఏడుపుకీ లెక్క ఉంది. 80 కిలోమీటర్ల వేగం అంటే నిమిషానికి 1,333 మీటర్లు. 6.00-16 టైరు ఒక చుట్టుకు సుమారు 2.2 మీటర్లు నడుస్తుంది, అంటే నిమిషానికి 606 చుట్లు. దాన్ని 5.38తో గుణిస్తే ఇంజను 3,260 చుట్లు తిరగాలి. అబ్బాయి చెప్పిన 4.27 వేస్తే 2,590 చాలు. ఈ లెక్క తప్పు కాదు. కానీ పొలంలో మొదటి గేరు బలం కూడా అంతే మేర తగ్గుతుంది. ఇప్పుడు ఇంజను 15 చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు తిరుగుతోంది. ఇరుసు మారిస్తే 12 చుట్లకే తిరుగుతుంది. ఆ మూడు చుట్ల తేడా రేగడి బురదలో క్లచ్ ప్లేటు వాసనగా తెలుస్తుంది.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఇది నాలుగు చక్రాలు లాగే బండి. వెనక ఇరుసు నిష్పత్తి మారిస్తే ముందు ఇరుసుదీ మార్చాలి. లేకపోతే ముందు చక్రాలు ఒక లెక్కన, వెనకవి ఇంకో లెక్కన తిరుగుతామంటాయి. రెండు ఇరుసులకూ తిరుగుడు పంచే ట్రాన్స్‌ఫర్ కేసు వాటి మధ్య ఇరుక్కుని పళ్ళు నూరుతుంది. పైగా జీపులో మీటరు కేబులు ట్రాన్స్‌ఫర్ కేసు నుంచే వస్తుంది. ఇరుసు మార్చి మీటరు పళ్ళు మార్చకపోతే, బండి 80లో పోతున్నా ముల్లు 63 దగ్గరే నిలుస్తుంది.

మేస్త్రీ తీర్పు మాకెవరికీ తట్టనిది. వేగం గేరు పెట్టెలోంచి తీసుకుందాం, బలం ఇరుసులోంచి తీసుకుందాం అన్నాడు. జీపు వంశంలోనే తర్వాత వచ్చిన బండ్ల ఐదు గేర్ల పెట్టె తెచ్చి పెడతాడు. ఐదో గేరు ఓవర్‌డ్రైవ్. అది సుమారు 0.8 అనుకుంటే, 5.38 ఇరుసుతోనే 80 వేగానికి ఇంజను 2,600 చుట్లు తిరుగుతుంది. అబ్బాయి అడిగినదీ దాదాపు అంతే. మొదటి గేరు పాతదానికన్నా ఇంకా చిన్నది కాబట్టి బురదలో బలం పెరుగుతుందే గానీ తగ్గదు. మీటరు అబద్ధమాడదు. ముందు ఇరుసును ముట్టుకోనక్కర్లేదు.

అయినా వెనక ఇరుసు మాత్రం మార్చాల్సిందేనన్నాడు. ఎందుకని అడిగాను. మాట్లాడకుండా హబ్ మూత తీసి చూపించాడు. పాత జీపు ఇరుసు కొన కోసుగా సన్నబడుతుంది. దాని మీద హబ్‌ని చిన్న చీల లాంటి కీ, ఒక పెద్ద నట్టు పట్టి ఉంచుతాయి. నట్టు కాస్త వదులైతే చాలు, కీ గాడిని తినేస్తుంది, ఏదో ఒక రోజు షాఫ్టే విరుగుతుంది. బరువు మోసేదీ, చక్రాన్ని తిప్పేదీ ఆ ఒక్క షాఫ్టే గనుక విరిగితే చక్రం బండిని వదిలి వెళ్ళిపోతుంది. లారీల్లో అలా కాదు. బరువంతా హౌసింగ్ మీదున్న హబ్ బేరింగులు మోస్తాయి, షాఫ్ట్ పని తిప్పడమే. విరిగినా చక్రం నిలుస్తుంది, రోడ్డు పక్కనే జాకీ లేకుండా షాఫ్ట్ ఊడదీయొచ్చు. అలాంటి ఫుల్ ఫ్లోటింగ్ హౌసింగ్ ఒకటి పాత సామాన్ల కొట్లో దొరికింది. కొనేముందు దాని పొట్ట ఎటుందో చూశాడు. జీపుకు ప్రొపెల్లర్ షాఫ్ట్ నడిమధ్య నుంచి రాదు, ఓ పక్కకు జరిగి వస్తుంది. డిఫరెన్షియల్ పొట్ట కూడా అటే జరిగి ఉండాలి. కొట్టువాడు 5.38 అన్నాడు. సుద్దముక్క 4.88 అంది.

మేస్త్రీ కోప్పడలేదు, ధర తగ్గించుకున్నాడు. పాత ఇరుసులోని క్రౌన్, పినియన్ జతని కొత్త హౌసింగ్‌లోకి దించాలని అప్పుడే తేల్చుకున్నాడు. జతగా ఒరిపిడి పెట్టి తయారుచేసినవి కాబట్టి ఆ రెంటినీ ఎప్పుడూ విడదీయడు.

ఆ రెండు రోజులు నేను చూసింది యంత్రశాల పనికన్నా కంసాలి పనికి దగ్గర. పినియన్ ఎంత లోతుకు కూర్చోవాలో బేరింగు కప్పు వెనక పెట్టే షిమ్ములు నిర్ణయిస్తాయి. అవి కాగితమంత పల్చని రేకులు. సింధూరం నూనెలో కలిపి నాలుగు పళ్ళకు పూసి, క్రౌన్‌ని అటూ ఇటూ తిప్పి అచ్చు చూశాడు. అచ్చు పంటి మొదట్లో పడింది. పినియన్ మరీ లోపలికి వెళ్ళిందన్నమాట. అంతా విప్పి, ఒక షిమ్ము తీసి, మళ్ళీ బిగించాడు. ఈసారి అచ్చు పంటి అంచుకు జరిగింది. మళ్ళీ విప్పాడు. మూడోసారి పంటి నడుమ బియ్యపు గింజ ఆకారంలో ఎర్రటి మచ్చ పడింది. పంటికీ పంటికీ మధ్య ఆట అంగుళంలో ఆరేడు వెయ్యో వంతులు. డయల్ గేజీ చూసి చెప్పాడు గానీ, అంతకుముందే చేత్తో కదిపి “సరిపోయింది” అన్నాడు.

గేరు పెట్టె దగ్గర పని లేత్ మిషనుది. కొత్త పెట్టెకూ పాత ఇంజనుకూ మధ్య ఇనప పలక వేయాలి. పలక ఎంత మందముంటే పెట్టె ముందు షాఫ్ట్ అంత వెనక్కి జరుగుతుంది, అప్పుడు దాని ముక్కు క్రాంకు చివరి బుష్‌లోకి చాలినంత అందదు. అందుకని పలక మందాన్ని కొలిచి, అంత మేర పొడుగు పెంచిన బుష్ ఇత్తడిలో తిప్పించాడు. ఇది మరిచిపోతే మొదటి రోజు అంతా బాగానే ఉంటుంది. వెయ్యి కిలోమీటర్ల తర్వాత క్లచ్ వణకడం మొదలుపెడుతుంది, ఎందుకో ఎవరికీ అంతుపట్టదు. నూనెల దగ్గరా పట్టింపే. ఇరుసుకూ పెట్టెకూ జనం అడిగేది “తొంభై ఆయిలే”. ఇరుసుకు ఘాటు మందు కలిసినది కావాలి. అదే పెట్టెలో పోస్తే సింక్రో ఇత్తడి రింగుల్ని తినొచ్చు. డబ్బాల మీద గుర్తులు చూసుకుని వేరువేరుగా పోశాడు.

ఇక్కడ చట్టం మాట ఒకటి. 2021లో వచ్చిన వింటేజ్ వాహనాల నియమాల ప్రకారం 50 ఏళ్ళు దాటిన బండికి ప్రత్యేక నంబరు తీసుకోవచ్చు. కానీ ఛాసిస్, బాడీ, ఇంజను పెద్దగా మారి ఉండకూడదు, దాన్ని రోజువారీ తిప్పకూడదు, కిరాయికి వాడకూడదు. టిక్కీలు మోసే బండికి ఆ నంబరు అక్కర్లేదని రైతు కొట్టిపారేశాడు. అందుకు నాకు సంతోషమే. గాజు పెట్టెలో పెట్టిన జీపుని చూస్తే నాకెందుకో జాలేస్తుంది.

చివరి రోజు చిలకలూరిపేట వైపు ఇరవై కిలోమీటర్లు వెళ్ళాం. అరవై దగ్గర సన్నటి వణుకు వచ్చింది. మేస్త్రీ బండి పక్కకు ఆపించి, కిందకు దూరి, కమాన్ కట్ట కింద పల్చటి ఇనప చీలిక ఒకటి పెట్టి యూ బోల్టులు బిగించాడు. పినియన్ మూతి ఒకటి రెండు డిగ్రీలు ఎత్తాలట, అప్పుడే షాఫ్ట్ రెండు చివరలా క్రాసులు ఒకే కోణంలో తిరుగుతాయట. తిరుగుప్రయాణంలో వణుకు లేదు. షెడ్డుకు రాగానే వెనక హౌసింగ్ మీద అరచెయ్యి ఆనించి, పది దాకా లెక్కపెట్టాడు. చెయ్యి తీయకుండానే కుర్రాడితో అన్నాడు: “టీ చెప్పరా.”