ఒకరిది ఒప్పుకోలు, ఒకరిది బేరీజు

ఆల్కహాలిక్స్ అనానిమస్, వాడుకలో ఏఏ, మొదటి మెట్టులోనే తాగేవాడి చేత ఓటమి ఒప్పిస్తుంది. మద్యం ముందు నా బలం చాలదు, నా బతుకు నా అదుపులో లేదు అనాలి. స్మార్ట్ రికవరీకి సరిగ్గా ఆ మాట దగ్గరే పేచీ. చాలదని ఎవరన్నారు, సాధన చేస్తే చాలుతుంది అంటుంది. రెండూ తాగుడు మానడానికి సాయపడే సంఘాలే, అమెరికాలో పుట్టినవే. రెండిట్లోనూ నలుగురు చేరి మాట్లాడుకోవడమే మందు. అయినా తాగేవాడు ఎలాంటి మనిషి అంటే మాత్రం ఒకరి జవాబు ఇంకొకరికి గిట్టదు.

1935 మే నెలలో బిల్ విల్సన్ న్యూయార్క్ నుంచి వ్యాపారం పని మీద ఒహాయో రాష్ట్రంలోని ఆక్రన్ వచ్చాడు. పని చెడింది. తాగుడు మాని కొన్ని నెలలే అయింది, హోటల్లో ఒంటరిగా ఉన్నాడు, పక్కనే బారు. అటు వెళ్లకుండా ఫోను అందుకుని, తను మాట్లాడటానికి ఈ ఊళ్లో ఇంకో తాగుబోతు ఎవరైనా ఉన్నారా అని చర్చి వాళ్లను వాకబు చేశాడు. అలా దొరికినవాడు బాబ్ స్మిత్ అనే సర్జన్. పావుగంటకు మించి కూర్చోనని వచ్చినవాడు గంటల తరబడి కూర్చున్నాడు. ఆ డాక్టరు ఆఖరిసారి తాగిన రోజునే, అంటే జూన్ 10నే, ఏఏ పుట్టినరోజుగా లెక్క వేస్తారు. పన్నెండు మెట్లు, దైవం మీద భారం వేయడం, తను నొప్పించినవాళ్ల జాబితా రాసుకుని వాళ్ల దగ్గరికి వెళ్లడం, ఇవన్నీ పుస్తకంగా అచ్చయింది 1939లో. నాకు మాత్రం ఏఏ ప్రాణమంతా ఆ ఫోనులోనే కనిపిస్తుంది. విల్సన్ తనకు సాయం చేసేవాణ్ణి వెతకలేదు, తను సాయం చేయగలవాణ్ణి వెతికాడు. ఇవాళ కూడా అర్ధరాత్రి కొత్త సభ్యుడి ఫోను ఎత్తే పాత సభ్యుడు దయతో ఎత్తడు. ఎత్తితేనే తన మానుడు నిలుస్తుందని ఎత్తుతాడు.

స్మార్ట్ ఆరు దశాబ్దాల తర్వాత, 1994లో ఆ పేరుతో నిలదొక్కుకుంది. దాని వెనకున్న ఆలోచనలో పెద్ద భాగం ఆల్బర్ట్ ఎల్లిస్ అనే మనస్తత్వవేత్తది. మనల్ని కుదిపేది జరిగిన సంగతి కాదు, దాని గురించి మనం లోపల చెప్పుకునే మాట అంటాడాయన. బావమరిది నలుగురిలో ఓ మాట అన్నాడు, సరే. ఇంత జరిగాక తాగకుండా ఎలా ఉంటాను అనుకున్నది ఎవరు? అక్కడ పట్టుకోమంటుంది స్మార్ట్.

దాని పనిముట్లలో నాకు నచ్చింది నాలుగు గళ్ల కాగితం. తాగితే లాభం, తాగితే నష్టం, మానితే లాభం, మానితే నష్టం. ఆటో నడిపే మనిషి ఒకడు దీన్ని నింపుతున్నాడనుకోండి. మొదటి గడిలో ఒళ్లునొప్పులు తెలియవు, నిద్ర పడుతుంది, స్టాండులో వాళ్లతో కలుపుగోలుగా ఉంటుంది అని రాస్తాడు. ఆఖరి గడిలో, సాయంత్రం ఏడు దాటాక ఏం చేయాలో తోచదు అని. హితబోధ చేసే పెద్దలెవరూ ఈ రెండు గళ్లూ నింపనివ్వరు. నింపాక ఒక్కోదాని పక్కన ఇది ఇప్పటికా, ముందు ముందుకా అని గుర్తు పెట్టమంటారు. తాగితే వచ్చే లాభాలన్నీ దాదాపు ‘ఇప్పటికి’ కిందే పడతాయి. ఆ సంగతి ఒకరు చెప్పనక్కర్లేదు, తన రాతలోనే తనకు కనబడుతుంది.

ఇద్దరినీ ఇరుకున పెట్టే సాక్ష్యం మన ఊళ్లలో ఉంది. మిగతా రోజుల్లో సాయంత్రమైతే వైన్‌షాపు దగ్గర తేలే మనిషి అయ్యప్ప మాల వేసుకుంటే 41 రోజులు చుక్క ముట్టడు. బలం చాలదంటే ఇదెలా అని ఏఏని అడగాలి. ఏ గడీ నింపకుండానే ఎలా మానాడని స్మార్ట్‌ని అడగాలి. నల్లబట్టలు, చన్నీళ్ల స్నానం, పీఠం దగ్గర భజన, నిన్నటిదాకా ఒరేయ్ అన్నవాడే స్వామీ అని పిలవడం! ఊరంతా కలిసి మనిషికి కొత్త పేరిచ్చి కాపలా కాస్తుంది. ఇక్కడ నేను ఏఏ వైపే మొగ్గుతాను. దీక్షకు గడువుంది, ఏఏకి లేదు, అంతే తేడా. (అందరికీ ఇది చెల్లదు. ఏళ్ల తరబడి పొద్దున్నుంచే తాగేవాడు ఉన్నట్టుండి ఆపితే ఫిట్స్ రావచ్చు, మతి తప్పవచ్చు, ప్రాణమే పోవచ్చు. అలాంటివాడు ముందు వెళ్లాల్సింది డాక్టరు దగ్గరికి.)

లెక్కలు కూడా ఏఏ వైపే మాట్లాడతాయి. 2020లో, వైద్య పరిశోధనలను బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 27 అధ్యయనాలను, 10,565 మందిని కలిపి చూసింది. పూర్తిగా మానేసి ఉండటంలో, పద్ధతి ప్రకారం ఏఏకి చేర్చే చికిత్సలు మిగతా పేరున్న చికిత్సలకంటే మెరుగని తేల్చింది. స్మార్ట్‌కు అంతటి ఆధారం ఇంకా కూడలేదు.

అయినా ఒకచోట నేను స్మార్ట్ పక్షం. ఏడాది మానినవాడు ఒక పెళ్లిలో రెండు పెగ్గులు వేశాడనుకుందాం. ఏఏ ఆనవాయితీలో రోజుల లెక్క మళ్లీ మొదటికి వస్తుంది. ఎవరూ తిట్టరు, చప్పట్లు కొట్టి కూర్చోబెడతారు కూడా. కానీ ఆ సున్నాకి జడిసి అసలు మీటింగు గడపే తొక్కనివాడి సంగతేమిటి? స్మార్ట్ ఆ ఏడాదిని కొట్టేయదు. పెళ్లికి ఎవరితో వెళ్లావు, గ్లాసు ఎవరిచ్చారు, వద్దనడానికి ఏ మాట సిద్ధం చేసుకున్నావు, వచ్చే ముహూర్తం ఎప్పుడు అని అడుగుతుంది.