ఏడింటి మాత్ర

నాన్నకు పార్కిన్సన్స్ అని తేలాక మా ఇంట్లో టిఫిన్ వేళ, భోజనం వేళ అనే మాటలు పోయాయి. ఏడింటి మాత్ర, పదకొండింటి మాత్ర అంటున్నాం. మాత్రలు అందించడం కూడా నేర్చుకోవలసిన విద్యేనని నాకు ఆలస్యంగా తెలిసింది.

మెదడులో డోపమైన్ తయారుచేసే కణాలు తగ్గిపోతే ఒళ్లు బిగుసుకుంటుంది, అడుగు పడదు. మిగిలిన కాస్త డోపమైన్‌నీ ఎంఏఓ-బి, సీఓఎంటీ అనే ఎంజైములు విరిచేస్తుంటాయి. అది అందరి మెదడులోనూ జరిగే పనే. నిల్వ తరిగినచోట మాత్రం ఆ కాస్త నష్టమూ భారమవుతుంది.

ఎంఏఓను 1928లో కాలేయంలో గుర్తించింది మేరీ హేర్. డోపమైన్‌కు మెదడులో సొంత పని ఉందని ఆర్విడ్ కార్ల్‌సన్ చూపింది 1957లో. విరిచేది ముందు దొరికి, విరిగేదాని విలువ ముప్పై ఏళ్లకు తెలియడం నాకిప్పటికీ ఆశ్చర్యమే.

నాన్న వేసుకునే రసజిలిన్ ఎంఏఓ-బికి అతుక్కుందంటే ఇక ఊడదు. శరీరం కొత్త ఎంజైము తయారుచేసుకోవాలి, దానికి వారాలు పడుతుంది. ఎంటకపోన్ అలా కాదు. మెదడులోకి పోకుండా, దారిలోనే సీఓఎంటీని ఆపి, నాన్న వేళకు వేసుకునే, మెదడులో డోపమైన్‌గా మారే లెవోడోపాకు కాపు కాస్తుంది. కొన్ని గంటలకే దాని పట్టు వదులుతుంది. అందుకే లెవోడోపా వేసిన ప్రతిసారీ అదీ వేయాలి. ఈ తేడా తెలిశాకే నాకు నిదానం వచ్చింది. ప్రయాణంలో ఒకరోజు రసజిలిన్ మరిచిపోతే ఏమీ కాలేదు. ఏడింటి మాత్ర గంట ఆలస్యమైన రోజున మాత్రం నాన్న కాఫీ గ్లాసు ఎత్తలేకపోయారు.

ఎంటకపోన్ మొదలుపెట్టిన కొత్తలో మూత్రం ఎర్రటి గోధుమరంగులో వచ్చింది. రక్తమేమోనని హడలిపోయాను. అది ఆ మందు రంగేనని చీటీ రాసేటప్పుడు ఒక్క మాట చెప్పి ఉంటే ఆ రాత్రి ఇద్దరం నిద్రపోయేవాళ్లం. ఇప్పుడు ప్రతి మందు గురించీ అడిగి తెలుసుకుంటున్నాను. డెక్స్‌ట్రోమెథార్ఫాన్ ఉన్న దగ్గుమందు రసజిలిన్‌తో కలవకూడదు కనుక సీసా మీద చదవందే ఇంటికి తేను.

నాన్నకు పెసరట్టంటే ప్రాణం. కానీ పప్పులోని ప్రోటీన్ నుంచి వచ్చే అమైనో ఆమ్లాలు, లెవోడోపా మెదడులోకి వెళ్లే దారి ఒకటే. రెండూ ఒకేసారి వెళితే మందు వెనకబడుతుంది.

"ఇంకా టైం కాలేదా అమ్మా?" అంటారు, పిండి వాసన తగిలితే.

"ఇంకో పావుగంట నాన్నా."

ఏడుమ్ముప్పావుకి వేళ్లు సాగుతాయి. చొక్కా గుండీలు ఒక్కొక్కటే తనే పెట్టుకుంటారు. అప్పుడు పెనం పెడతాను.