ఏడుచేపల కథ – వృత్తిబోధము

ఆంధ్రదేశమున మాటలు నేర్చెడి శిశువులు మొదట వినెడి కథలలో ఏడుచేపల కథ యొకటి. ఇది కర్తృనామము లేని నోటికథ. పసివారి వినోదమని దీనిని విడిచిపుచ్చుట సులభము. కాని సంఘమునందలి వేర్వేఱు పనులు ఒకదానికొకటి యెట్లు తోడ్పడునో బాలురకు నేర్పవలసి వచ్చినపుడు, ఇంతకంటె మేలైన పాఠము వాచకములలో దొరకుట యరుదు. ఈ మాట యెంతవఱకు నిలుచునో, ఎచ్చట తప్పునో విచారింపఁదగియున్నది.

కథ యెల్లవారికిఁ దెలిసినదే. రాజు కొడుకులు ఏడుగురు వేటకుఁ బోయి ఏడుచేపలు తెచ్చి యెండఁబెట్టుదురు. ఆఱు ఎండును, ఒకటి యెండదు. కారణ మడుగఁగా చేప తనకు నీడ కమ్మిన గడ్డిమేటును జూపును. గడ్డి తన్ను మేయని యావును, ఆవు తన్ను మేపని కాపరిని, కాపరి తనకు బువ్వ పెట్టని యవ్వను, అవ్వ యేడ్చిన బిడ్డను, బిడ్డ తన్నుఁ గుట్టిన చీమను జూపుదురు. చీమ మాత్ర మొరుల నెవ్వరిని జూపదు. తన పుట్టలో వ్రేలు పెట్టినచోఁ గుట్టక మానుదునా యని యెదురు ప్రశ్న వేయును. కొన్నియెడల అవ్వకు మాఱుగాఁ దల్లియు, కాపరికి మాఱుగాఁ బాలేరును వత్తురు. వరుస మాత్రము చెడదు.

వాచకములలోని వృత్తిపాఠములు తఱచుగాఁ బట్టికారూపమున నుండును. రైతు ధాన్యము పండించును. సాలెవాఁడు బట్ట నేయును. కుమ్మరి కుండ చేయును. వడ్రంగి నాఁగలి చెక్కును. ప్రతివాక్యమును సత్యమే. కాని యీ వాక్యములను క్రిందుమీఁదు చేసి చదివినను భేదము లేదు. నడుమ నొకటి తీసివేసినను తక్కినవానికి లోటు రాదు. ఒక పనివానిని తొలఁగించినను లోపము గనఁబడని పాఠము వృత్తుల పేళ్లు చెప్పినదగునేకాని వాని పరస్పరాశ్రయమును జెప్పినది కానేరదు. ఏడుచేపల కథలో ఒక్క మెట్టు తీసినచోఁ గథయే లేదు. అవ్వను మఱచిన బాలుఁడు కాపరి యొద్దనే చిక్కుకొని, తన లోపమును తానే యెఱుఁగును. మఱియు, పని చక్కఁగా జరుగుచున్నంతకాలము దాని విలువ కంటఁబడదు. చాకలి రాని వారమునఁగాని యింటివారికిఁ జాకలి గుర్తునకు రాఁడు. ఈ కథ నిలిచిపోయిన పనులనే చూపి వాని విలువను బోధించుచున్నది.

ఇట్టి గొలుసుకథలు పలుదేశములందుఁ గలవు. ఆర్నె పండితుఁడు 1910లో ఆరంభింపఁగా థాంప్సన్ 1928లో విస్తరించిన జానపదకథల పట్టికలో 2030వ సంఖ్య గల కథ ఇంగ్లీషువారిలో మిక్కిలి ప్రసిద్ధము. అందు ముసలమ్మ పంది దడి దాఁటదు. దానిని గఱవుమని కుక్కను, కుక్కను గొట్టుమని కఱ్ఱను, కఱ్ఱను గాల్చుమని నిప్పును ఆమె వేఁడుకొనును. అందలి గొలుసు భయముచేతఁ గదలును. తెలుఁగుకథలోని గొలుసు తోడ్పాటు లేమిచే నిలిచిపోవును. రెండును గొలుసులే యైనను, సంఘజీవనమును నేర్పుటకు రెండవదియే తగినది.

ఇందు గమనింపవలసిన గుణములు మఱి రెండు గలవు. గొలుసున కొకకొన రాజకుమారులు, వేఱొకకొన చీమ యుండఁగా, నడిమివారిలో హెచ్చుతగ్గుల మాటయే రాదు. ఏడుగురు రాజకుమారుల వేట కాపరి యాఁకలికి లోఁబడినది. రెండవది, అవ్వ బువ్వ పెట్టుటయు నిందు వృత్తులతో సమానమైన పనిగా నెన్నఁబడినది. వాచకముల పట్టికలలో ఈ పనికిఁ దఱచుగాఁ జోటు లేదు.

ఈ కథ తప్పును ఒరులపైఁ ద్రోయుట నేర్పునని యాక్షేపింపవచ్చును. ఆ యాక్షేపము తేలికగాఁ ద్రోసివేయఁదగినది కాదు. గడ్డి చెప్పినది సాకువలెనే యున్నది. కాని కాపరి చెప్పినది సాకు కాదు, ఆఁకలి. ఏది సాకు, ఏది కారణము అని బాలురచేతనే విడఁదీయించుట ఉపాధ్యాయుని పని. పైఁగా, అడిగెడివాని ప్రశ్న చీమయొద్ద నాఁగక, మరల బిడ్డ వ్రేలియొద్దకు వచ్చును. వినుచున్న శిశువునకును ఆ బిడ్డకును వయోభేదము మెండుగా లేదు. ఏ వృత్తియు లేని తానును ఆ గొలుసులో నొక కడియమే యని శిశువు గ్రహించును. పట్టికాపాఠములు శిశువును వెలుపల నిలిపి వృత్తులను జూపును. ఈ కథ వానిని లోపలికిఁ జేర్చుకొనును.

కథలో నిజమైన కొఱఁత వేఱొకటి గలదు. కాపరి కాపరిగానే, రాజకుమారులు రాజకుమారులుగానే యుండిపోవుదురు. వృత్తుల తోడ్పాటును నేర్పుట వేఱు, పుట్టుకను బట్టి వృత్తికిఁ గట్టివేయుట వేఱు. ఈ భేదము ఊహామాత్రము కాదు. 1937 అక్టోబరున వార్ధాలో గాంధీజీ యధ్యక్షతను జరిగిన విద్యాసభ చేతిపనిని కేంద్రముగాఁ జేసికొని చదువు చెప్పవలెనని తీర్మానించెను. అందు పుట్టుకనుబట్టి పనిని నిర్ణయించుట లేదు. 1953లో మద్రాసు రాష్ట్రమున రాజగోపాలాచారి ప్రభుత్వము ప్రవేశపెట్టిన పథకమో, గ్రామములలోని ప్రాథమికపాఠశాలల బడివేళను దినమునకు మూఁడుగంటలకుఁ దగ్గించి, తక్కిన కాలమునఁ బిల్లలు తల్లిదండ్రుల పనిని నేర్వవలెననెను. అది కులవిద్య యని ప్రతిఘటన చెలరేఁగెను. 1954లో కామరాజు ముఖ్యమంత్రియైన పిమ్మట ఆ పథకము తొలఁగింపఁబడెను. పనిపై గౌరవము నేర్పుదుమను మాట చాటున కాపరి కొడుకు చదువు కుఱుచఁబడు ప్రమాద మెట్టిదో ఆ యేఁడు తెలిసివచ్చినది.

కావున ఈ కథను బోధించువారు రెండు కార్యములు చేయుట మంచిది. చీమయొద్దకు వెళ్లిన కథను వెనుకకు నడిపించి, బిడ్డ యూరడిల్లుట మొదలు చేప యెండుట వఱకు మరల వరుసగాఁ జెప్పింపవలెను. అపుడు సాకుల వరుస తోడ్పాటుల వరుస యగును. బాలురచేఁ గథ నాడించునపుడు, నేఁడు కాపరియైన బాలుఁడు మఱునాఁడు రాజకుమారుఁడు కావలెను. రాజకుమారుఁడైనవాఁడు బువ్వ పెట్టెడి యవ్వ కావలెను. ఇట్లు చేసినచోఁ గథలోని గుణము నిలుచును, కొఱఁత తీఱును.